వంటింట్లో ప్రార్థన వేళ



"పొద్దున్న లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఊపిరి సలపదు. ఇక దేవుణ్ణి తలుచుకోవడానికి తీరిక ఎక్కడిదమ్మా?" ఈ మాట మనలో అనని వాళ్లెవరు? చంటివాడు ఒళ్లో ఉంటాడు, పెద్దదానికి జడ వెయ్యాలి, పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉంటాయి, అవతల గదిలోంచి ఆయన చొక్కా గుండీ ఊడిందంటారు. రెండు నిమిషాలు కళ్లు మూసుకుంటే మూడు పనులు చెడతాయి. ఏ మతంవారి ఇంట్లోనైనా పసిపిల్లల తల్లి సంగతి ఇంతే. క్రైస్తవ కుటుంబంలో అయితే కాసేపు కూర్చుని వాక్యం చదువుకోవాలి, మోకరించి మనసులోది విప్పి చెప్పుకోవాలి, పిల్లలచేత చెప్పించాలి. వీటన్నిటికీ కాస్త నిశ్శబ్దం కావాలి. పిల్లలున్న ఇంట్లో దొరకని వస్తువు అదొక్కటే కదా!

మూడు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఈ చిక్కునే భుజాన వేసుకుని బతికిన ఒక ఇల్లాలి చరిత్ర ఈ వేళ మీకు చెబుతాను. ఆవిడ పేరు సుసన్నా వెస్లీ. మెథడిస్టు సంఘాన్ని నడిపిన జాన్ వెస్లీకి, వేలకొద్దీ భక్తిగీతాలు రాసిన చార్లెస్ వెస్లీకి తల్లి. కొడుకుల పేర్లు చరిత్ర పుస్తకాలకు ఎక్కాయి. తల్లిని గురించి అడిగితే "మహా భక్తురాలు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ఒక్క ముక్క వెనక ఎన్ని రోజుల చాకిరీ, ఎన్ని అప్పులు, ఎంత పట్టుదల ఉన్నాయో తెలుసుకుంటే గాని ఆ భక్తి విలువ మనకు అర్థం కాదు.

సుసన్నా 1669లో లండనులో పుట్టింది. తండ్రి శామ్యూల్ ఆనెస్లీ పేరున్న బోధకుడు. రాజు గారి మతశాసనానికి ఒప్పుకోనందుకు 1662లో గుడి వదులుకోవలసి వచ్చిన వారిలో ఆయన ఒకరు. ఆయనకు ఇరవై అయిదుమంది సంతానమనీ, ఈవిడ ఆఖరిదనీ చెబుతారు. పదమూడేళ్ల వయసులో ఈ పిల్ల తనంతట తాను పుస్తకాలు చదివి, ఆలోచించి, తండ్రి వదిలిన ఇంగ్లండు సంఘంలోనే చేరతానంది. అంత నష్టపోయిన తండ్రి ఆ మాటకు కూతురిని వెలి వెయ్యలేదు. అంతరాత్మ మాట వినడం ఆవిడకు పుట్టింటివారు ఇచ్చిన సారె అనుకోండి.

1688లో, పంతొమ్మిదేళ్ల వయసులో, శామ్యూల్ వెస్లీ అనే యువ గురువుతో ఆవిడకు పెళ్లయింది. ఆయన పండితుడు, కవి. 1693లో క్రీస్తు చరిత్రను పద్యకావ్యంగా అచ్చు వేయించారు. కాని చేతికి డబ్బు నిలవదు. కొన్నాళ్లకు లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ అనే మారుమూల ఊరి గుడికి వచ్చారు. చుట్టూ బురద నేలలు, గురువు గారంటే గిట్టని జనం. అక్కడే ఆవిడ కాపురమంతా గడిచింది. పుట్టిన పిల్లలు పంతొమ్మిదిమంది. అందులో పెరిగి పెద్దయింది పదిమంది, ముగ్గురు కొడుకులు, ఏడుగురు కూతుళ్లు. మిగిలిన తొమ్మిదిమందినీ పసితనంలోనే మట్టికి అప్పగించింది. 1705లో ఎన్నికల గొడవల్లో అల్లరిమూకలు రాత్రంతా ఇంటి చుట్టూ కేకలు వేస్తే, నిద్రలేక సొమ్మసిల్లిన దాది పక్కన పడుకున్న పసిగుడ్డు మీద ఒరిగిపోయింది. బిడ్డ దక్కలేదు. పురిటి పక్క మీద ఉన్న తల్లి చేతికి ఆ బిడ్డను తెచ్చి ఇచ్చారు.

ఆ ఏడే శామ్యూల్ గారిని ముప్ఫై పౌన్ల లోపు అప్పుకు లింకన్ కోట జైల్లో పెట్టారు. ఇంట్లో పాలిచ్చే మూడు ఆవులను రాత్రికి రాత్రి ఎవరో కత్తులతో పొడిచి పోయారు. సుసన్నా తన ఉంగరాలు తీసి, అమ్ముకుని ఖర్చుకు వాడుకోమని భర్తకు జైలుకు పంపింది. ఆయన తీసుకోలేక తిప్పి పంపారు. అప్పుడు యార్క్ ఆర్చిబిషప్పు గారు ఆమెను నిలదీసి అడిగారట, ఎప్పుడైనా రొట్టెకు లోటు వచ్చిందా అని. రొట్టె అసలే లేకుండా ఎన్నడూ లేదండీ అంది ఆవిడ. కాని తినబోయేముందు దాన్ని సంపాదించడానికీ, తిన్నాక దాని బాకీ తీర్చడానికీ పడే ఆందోళనలో ఆ రొట్టె రుచే పోయిందనీ, అలా తినడం పస్తుకు ఒక మెట్టు పైన మాత్రమేననీ చెప్పింది. నెలాఖరు చూసిన ప్రతి ఇల్లాలికీ ఈ మాట అర్థమవుతుంది. ఆవిడ ప్రార్థన ఈ ఇంట్లోంచి వచ్చింది సుమండీ, తీరికగా వెలుగుతున్న కొవ్వొత్తుల మధ్యనుంచి కాదు.

ఇక ఆవిడ వేళ ఎలా చేసుకుందో చూడండి. పని మధ్యలో ఏప్రాన్ కొంగు తల మీద కప్పుకుని ప్రార్థించేదనీ, అలా ఉన్నంతసేపు పిల్లలు దగ్గరికి వచ్చేవారు కాదనీ ఒక కథ చాలామంది చెబుతారు. బాగుంది కదూ? ఆ కథను అలా ఉంచండి. ఆవిడ స్వయంగా రాసుకున్న కాగితాలు ఉన్నాయి. ఉత్తరాలు, ధ్యానాల పుస్తకాలు అన్నీ కలిపి 1997లో ఆక్స్‌ఫర్డ్ వారు ఒక పెద్ద సంపుటంగా వేశారు. ఆ ధ్యానాలకు ఆవిడ పెట్టుకున్న గుర్తులు చాలాచోట్ల మూడే: ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం. అంటే, పనులన్నీ అయ్యాక మిగిలిన తీరికను దేవుడికి ఇద్దామని ఆవిడ కూర్చోలేదన్నమాట. పనులన్నీ అవడం అనేది ఏ ఇంట్లో మాత్రం ఉంది? వేళ ముందు పెట్టుకుంది, పనులను దాని చుట్టూ సర్దుకుంది. ఆ వేళలో కలం పట్టుకుని రాసుకుంది కూడా. చెదిరిపోయే మనసును ఒక చోట కట్టెయ్యడానికి రాయడం ఎంత మంచి తాడో మీలో డైరీ రాసేవారికి తెలుసు.

రెండోది, ప్రార్థనను తన ఒక్కదాని పనిగా దాచుకోలేదు. ఇంటి దినచర్యలోనే కలిపి కుట్టేసింది. పెద్దయ్యాక కొడుకు జాన్ బతిమాలి అడిగితే, 1732 జూలైలో ఆవిడ తన పెంపకం పద్ధతంతా ఉత్తరంగా రాసింది. మాటలు వచ్చిన నాటినుంచి పిల్లలు లేవగానే, పడుకోబోయే ముందు పరలోక ప్రార్థన చెప్పేవారు. ఇంకా మాటలు రాని, మోకరించడం చేతకాని పసివాళ్లకు కూడా కుటుంబ ప్రార్థనప్పుడు కదలకుండా ఉండటం, అయ్యాక సైగలతో దీవెన అడగడం నేర్పారు. సాయంత్రం అయిదింటికి ఇంట్లో అందరికన్నా పెద్దపిల్ల, మాటలు వచ్చినవాళ్లలో అందరికన్నా చిన్నవాణ్ణి తీసుకుని కూర్చునేది. రెండో పిల్ల ఆ పైవాణ్ణి. అలా జంటలు జంటలుగా ఆ రోజు కీర్తనలూ, కొత్త నిబంధనలో ఒక అధ్యాయమూ చదువుకునేవారు. ఆరింటికి కుటుంబ ప్రార్థన, తరువాత భోజనం, ఎనిమిదింటికి పడక. నిద్రపోయేదాకా పక్కన కూర్చుని జోకొట్టే అలవాటు ఆ ఇంట లేదు.

బడి కూడా ఇంట్లోనే. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు. అయిదో పుట్టినరోజు మర్నాడు అక్షరాలు మొదలు. ఒక్క రోజులో అక్షరాలన్నీ వచ్చేయాలి! ఇద్దరు ఆడపిల్లలకు మాత్రం ఒకటిన్నర రోజు పట్టిందని తల్లి జ్ఞాపకం పెట్టుకుని మరీ రాసింది. ఆ ఉత్తరంలో నాకు చాలా నచ్చిన నియమం ఒకటుంది. చక్కగా చదవడం వచ్చేదాకా ఏ ఆడపిల్లకూ కుట్టుపని నేర్పకూడదు. చదువు రాకముందే సూది చేతికి ఇవ్వడం వల్లనే వినసొంపుగా చదవగల ఆడవాళ్లు కరువయ్యారని ఆవిడ అభిప్రాయం. 1700 ప్రాంతంలో ఒక పల్లెటూరి తల్లి అన్న మాట ఇది! తప్పు చేసి తనంతట తాను ఒప్పుకున్న బిడ్డను కొట్టకూడదు, ఒకసారి దండించిన తప్పును మళ్లీ ఎత్తిపొడవకూడదు, గుండుసూది పాటి వస్తువైనా సరే ఒకరిది మరొకరు తీసుకోకూడదు, ఇచ్చిన మాట తప్పకూడదు. ఇవీ ఆ ఇంటి చట్టాలు.

అన్నీ మెచ్చుకోదగినవే అనను. ఏడాది నిండేసరికే పిల్లలకు బెత్తమంటే భయం, గట్టిగా ఏడవకుండా ఉండటం నేర్పామని కూడా అదే ఉత్తరంలో ఉంది. ఇది మనకు మింగుడు పడదు, పడనక్కరలేదు కూడా. అలాగే ఆ ఇంటి ఆడపిల్లల బతుకులు అన్నీ పూలబాట కాలేదు. తెలివైన పిల్ల, కవయిత్రి అయిన మెహెటబెల్ 1725లో ప్రేమించినవాడితో ఇల్లు విడిచి వెళ్లి మోసపోయి తిరిగి వస్తే, తండ్రి క్షమించలేదు. తల్లి మనసు కూడా వెంటనే కరగలేదు. తమ్ముడు జాన్ 1726లో తండ్రి గుడిలోనే నిలబడి, తప్పు చేసినవారిపట్ల చూపవలసిన దయను గురించి ప్రసంగం చేశాడు. ఎంత పద్ధతిగా ప్రార్థించే ఇంట్లోనైనా క్షమించడం మాత్రం ఎవరికి వారు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసిన పాఠమే కాబోలు.

ఇప్పుడు కాపురం సంగతి. ఇది కొంచెం శ్రద్ధగా వినవలసిన ఘట్టం. 1688లో రెండో జేమ్స్ రాజును వెళ్లగొట్టి, హాలండు నుంచి వచ్చిన ఆయన అల్లుడు విలియంను గద్దె ఎక్కించారు. శామ్యూల్ గారు కొత్త రాజు పక్షం. సుసన్నా దృష్టిలో ఆ రాజుకు గద్దె మీద న్యాయమైన హక్కు లేదు. ఒకరోజు కుటుంబ ప్రార్థనలో భర్త రాజు గారి కోసం ప్రార్థించాడు. భార్య ఆమేన్ అనలేదు. కారణం అడిగాడు. చెప్పింది. ఇద్దరు రాజులుంటే రెండు పడకలు ఉండాలన్నాడు ఆయన. ఇల్లు విడిచి వెళ్లాడు కూడా.

ఇంటినిండా పిల్లలు, తలమీద అప్పులు. "ఒక్క ఆమేన్ అనేస్తే పోయేదానికి ఎందుకమ్మా ఈ రగడ" అని ఎవరైనా అంటారు. ఆవిడ తెలిసిన ఒక దొరసానికి ఉత్తరాలు రాసి సలహా అడిగింది. తప్పు చేశానని మనసుకు తోస్తే మోకాళ్ల మీద పడి క్షమాపణ అడగడానికి సిద్ధమే, కాని నమ్మని మాటకు ఆమేన్ అనడం దేవుడి ముందు అబద్ధమాడటమే అన్నది ఆవిడ వాదన. తన అభిప్రాయం ఆయన మీద రుద్దను, ఆయనది నామీద రుద్దవద్దు అంటుంది. 1702 మార్చిలో విలియం రాజు చనిపోయాడు. అయినా మాటపట్టింపు చల్లారలేదు. ఆ వేసవిలో ఇల్లు అంటుకుని చాలా భాగం కాలిపోయింది. ఆ కష్టంలో మళ్లీ ఇద్దరూ ఒకటయ్యారు. మరుసటి ఏడు 1703 జూన్‌లో పుట్టినవాడే జాన్ వెస్లీ.

1709 ఫిబ్రవరిలో ఇల్లు మళ్లీ అంటుకుంది, ఈసారి పూర్తిగా. నిండు గర్భిణి అయిన సుసన్నా మంటల్లోంచి నడిచి బయటపడింది. ముఖం, చేతులు కమిలాయి. పై గదిలో చిక్కుకున్న అయిదేళ్ల జాన్‌ను, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి కిటికీలోంచి లాగారు. కొత్త ఇల్లు కట్టేదాకా పిల్లలను తలా ఒక ఇంట్లో ఉంచవలసి వచ్చింది. ఆ కొన్నాళ్లలో పద్ధతులన్నీ గాలికి పోయాయి. ఇల్లు చేరాక తల్లి అన్నీ మళ్లీ మొదలుపెట్టింది. (ఆ ఇటుక ఇల్లు ఈనాటికీ నిలిచే ఉంది, మ్యూజియంగా.)

ఇక్కడే మన దక్షిణాది ఈ కథలోకి వస్తుంది. డెన్మార్కు రాజు పంపగా సీగెన్‌బాల్గ్, ప్లుచౌ అనే ఇద్దరు జర్మను యువకులు 1706లో తమిళదేశపు తీరాన తరంగంబాడిలో దిగారు. వారి ఉత్తరాలు 1709లో లండనులో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి. ఆ పుస్తకం తండ్రి గదిలో పెద్దకూతురు ఎమిలియా కంట పడింది. తల్లికి చదివి వినిపించింది. కొన్ని రోజులపాటు సుసన్నాకు మరో ధ్యాస లేకపోయింది. తాను మగవాడిని కాను, బోధకుణ్ణి కాను, సముద్రాలు దాటి వెళ్లలేను, అయినా ఉన్నచోటనే ఇంతకంటే ఎక్కువ చెయ్యవచ్చు కదా అనుకుంది. దేశాలు తిరగలేని ఇల్లాలు ఏం చేసింది? వారంలో ఒక్కో రాత్రి ఒక్కో బిడ్డకు కేటాయించింది. సోమవారం మేరీ, మంగళవారం మెహెటబెల్, బుధవారం ఆన్, గురువారం జాన్, శుక్రవారం మార్తా, శనివారం చార్లెస్, ఆదివారం పెద్దపిల్లలు ఎమిలియా, సుసన్నా ఇద్దరూ. ఆ రాత్రి ఆ బిడ్డతో ఒంటరిగా కూర్చుని మనసులో మాటలు మాట్లాడేది.

ఏళ్లు గడిచి, ఆక్స్‌ఫర్డ్‌లో అధ్యాపకుడైన జాన్, అమ్మకు ఉత్తరం రాస్తూ ఏం కోరాడో తెలుసా? ఒకప్పుడు తనకిచ్చిన ఆ గురువారం సాయంత్రాన్ని, ఇప్పుడు తనకోసం ప్రార్థించడానికి ఇమ్మన్నాడు. ఏ బిడ్డయినా తల్లి దగ్గర దాచుకునే ఆస్తి అది.

అన్నట్లు, అదే తరంగంబాడి మిషనుకు చెందిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్నాడు. 1746-47లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు లిపిలో చిన్న చిన్న క్రైస్తవ పుస్తకాలు అచ్చు వేయించింది ఆయనే.

ఇక అసలు వంటింటి కథ. 1711 చలికాలంలో శామ్యూల్ గారు సంఘసభలకు లండను వెళ్లారు. గుడి చూసుకునే సహాయ గురువు గారి ప్రసంగాలు జనానికి ఎక్కలేదు. ఆదివారం సాయంత్రం సుసన్నా వంటింట్లో పిల్లలనూ పనివాళ్లనూ కూర్చోబెట్టుకుని ప్రార్థనలు, ఒక ప్రసంగం చదివి వినిపించేది. పనిపిల్లవాడు ఇంటికెళ్లి చెప్పాడు, వాడి తల్లిదండ్రులు వచ్చారు. వారిని చూసి ఇరుగుపొరుగు వచ్చారు. ముప్ఫై, నలభై మంది అయ్యారు. చూస్తుండగానే రెండు వందలు దాటారు, చోటు చాలక కొందరు వెనక్కి పోయారు.

సహాయ గురువు గారికి కోపం రాదూ? లండనుకు ఫిర్యాదు రాశారు. ఆడది ప్రసంగాలు చదవడమేమిటి, మీ హోదాకు తగునా అని. భర్త భార్యకు రాశారు, వేరే ఎవరిచేతనైనా చదివించరాదా అని. 1712 ఫిబ్రవరిలో ఆవిడ ఇచ్చిన జవాబులు చూడండి. నేను ఆడదాన్ని నిజమే, కాని ఈ ఇంటి యజమానురాలిని కూడా, మీరు లేనప్పుడు ఇందులోని ప్రతి ఆత్మకూ నేను జవాబుదారీని అంది. చదివించడానికి ఎవరున్నారు, ఈ మగవాళ్లలో కూడబలుక్కోకుండా ప్రసంగం చదవగలవాడు ఒక్కడూ లేడు అంది. ఆయన మళ్లీ మానెయ్యమని రాస్తే, చివరికి ఇలా తేల్చింది: మానమని కోరుతున్నాను అంటే చాలదు, మానమని స్పష్టంగా ఆజ్ఞ రాయండి. రేపు మనమిద్దరం దేవుడి న్యాయపీఠం ముందు నిలబడినప్పుడు, ఈ మేలు మానేసిన దోషం నాకు అంటకుండా ఉండేటట్టు రాయండి.

ఆ ఆజ్ఞ ఆయన రాయలేదు. సభలు ఆగలేదు. ఆయన తిరిగి వచ్చేసరికి ఊరివాళ్లు, అంతకుముందు ఇంటికి నిప్పు పెట్టారని అనుమానించిన ఊరివాళ్లే, ఆ కుటుంబానికి ఆప్తులయ్యారు.

గమనించండి. ఆవిడ భర్తను ధిక్కరించలేదు, ఆజ్ఞ ఇస్తే పాటిస్తానంది. అలాగని తన బాధ్యతను ఆయన మీదకు తోసి చేతులు దులుపుకోనూ లేదు. "ఆయన వద్దన్నారు" అన్న రెండు మాటల చాటున మనం ఎన్ని మంచి పనులు దాచేస్తుంటామో ఒక్కసారి ఆలోచించండి.

1735లో భర్త పోయాక ఆ ఇల్లు వదులుకోవలసి వచ్చింది. పిల్లల పంచన కాలం గడిపి, 1742లో లండనులో కన్నుమూసింది. తన ప్రాణం పోగానే ఏడవకుండా దేవుణ్ణి స్తుతించే కీర్తన పాడమని పిల్లలకు చెప్పి పోయింది. ఆ వంటింట్లో ఎనిమిదేళ్ల జాన్ చూసిన సభలే, తరువాత ఊరూరా ఇళ్లలో సాగిన మెథడిస్టు కూటాలకు తొలి నమూనా అని చరిత్రకారులు అంటారు. ఆ కెరటం మన మెదకు దాకా వచ్చింది. అక్కడి మహా దేవాలయాన్ని కట్టించిన చార్లెస్ పాస్నెట్ వెస్లియన్ మెథడిస్టు మిషనరీయే. 1924 క్రిస్మస్ నాడు దాని ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో కూలి, గింజలు దొరికిన గుడిగా తెలంగాణ ఇల్లాళ్లు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు.

ఆవిడలా ఆరు గంటల బడి నడపమని గాని, రోజుకు మూడుసార్లు ధ్యానాలు రాయమని గాని మీకు చెప్పను. ఆవిడే రాసింది, పిల్లల కోసం జీవితంలో మంచి వయసు ఇరవై ఏళ్లకు పైగా ధారపోసేవాళ్లు అరుదని. మనం తీసుకోవలసింది చిన్నది. తీరిక దొరికినప్పుడు కాదు, ఒక వేళ పెట్టుకోవడం. అది పది నిమిషాలే కానివ్వండి. ఆ వేళ అమ్మది అని ఇంటిల్లిపాదికీ తెలియనివ్వడం. వారానికి ఒక్కసారైనా ఒక్కొక్క బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, మార్కుల సంగతి, అల్లరి సంగతి పక్కన పెట్టి, వాడి మనసులో ఏముందో వినడం. ఇక సంసారంలో పేచీ వచ్చినచోట, గొంతు పెంచకుండా, మాట మార్చకుండా, మనసు ఒప్పిందే చెప్పడం.

ఈ వారంలో మీ ఇంట గురువారం ఎవరిదో ఈ రాత్రే నిర్ణయించుకోండి. సెలవు.